స్పోర్ట్స్ కారు ఎత్తు తగ్గించాలా, వద్దా: తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ సమాధానాలు రోజూ రోడ్డు మీద తిరుగుతూ, వీలు చిక్కినప్పుడు ట్రాక్‌కు కూడా వెళ్ళే స్పోర్ట్స్ కారును దృష్టిలో పెట్టుకొని రాసినవి. లెక్క చూపవలసిన చోటల్లా టయోటా జీఆర్86, సుబారు బీఆర్‌జెడ్ తరగతి కారును ఉదాహరణగా తీసుకున్నాను. ఈ కార్లను మన దేశంలో అమ్మకపోయినా, అమెరికాలోని తెలుగువారిలో వీటిని ఇష్టపడేవారు ఉన్నారు. పైగా ముందు స్ట్రట్ (స్ప్రింగు, డ్యాంపర్ కలిసిన నిలువు కాలు), వెనక విష్‌బోన్ (పైనా కిందా ఆర్మ్‌లు) అమరికతో, తక్కువ బరువుతో ఉండే ఈ కారు మీద వేసిన లెక్క మరెన్నో కార్లకు దగ్గరగా సరిపోతుంది. డ్రైవరుతో కలిపి బరువు 1300 కిలోలు, గరిమనాభి (బరువంతా కేంద్రీకరించినట్టు భావించే బిందువు) ఎత్తు 460 మి.మీ., వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2575 మి.మీ., గ్రౌండ్ క్లియరెన్స్ 130 మి.మీ. అని గుండు లెక్కలో అనుకుందాం.

కారును కిందికి దించితే మలుపుల్లో నిజంగా మెరుగవుతుందా?

మెరుగవుతుంది, కానీ చాలామంది ఊహించినంత కాదు. మలుపులో కారు బరువు లోపలి చక్రాల మీది నుంచి బయటి చక్రాల మీదికి మళ్ళుతుంది. ఎంత మళ్ళుతుందన్నది కారు బరువు, మలుపు తీవ్రత, గరిమనాభి ఎత్తు, ఎడమ కుడి చక్రాల మధ్య దూరం అనే నాలుగింటి మీదే ఆధారపడుతుంది. మన ఉదాహరణ కారు తన బరువుకు సమానమైన పక్కబలంతో మలుపు తిరుగుతుంటే సుమారు 390 కిలోల భారం బయటి చక్రాల మీదికి పోతుంది. అదే కారును 25 మి.మీ. దించితే ఆ అంకె సుమారు 370 అవుతుంది. అంటే లాభం దాదాపు 20 కిలోలు, శాతంలో చెబితే అయిదుకు కొంచెం పైన. టైరుకు ఈ తేడా తెలుస్తుంది, స్టాప్‌వాచ్‌లో కూడా కనిపించవచ్చు, కానీ ఒక మామూలు టైరు తీసి మంచి సమ్మర్ టైరు వేసినప్పుడు వచ్చే మార్పు ముందు ఇది చిన్నది.

మరి దించిన కారు నడిపినవారు అంతగా ఎందుకు మెచ్చుకుంటారు?

ఎత్తు ఒక్కటే మారిన కారు చాలా అరుదు. స్ప్రింగులు మార్చినప్పుడు అవి గట్టివి కూడా అవుతాయి కాబట్టి బాడీ పక్కకు ఒరగడం తగ్గుతుంది, స్టీరింగ్ తిప్పగానే కారు స్పందించినట్టు అనిపిస్తుంది. అదే పనిలో ఏళ్ళ తరబడి నలిగిన డ్యాంపర్ల (షాక్ అబ్సార్బర్ల) స్థానంలో కొత్తవి వస్తాయి, చివర అలైన్‌మెంట్ కూడా చేయిస్తారు. ఈ నాలుగు మార్పుల ఫలితమూ కలిసి ఒకే అనుభూతిగా చేతికి అందుతుంది, పేరు మాత్రం ఎత్తు తగ్గించడానికి దక్కుతుంది. కారును అసలు దించకుండానే కొత్త డ్యాంపర్లు, సరైన అలైన్‌మెంట్, మంచి టైర్లు వేసి ఒకసారి నడిపి చూసినవారిలో కొందరికి దించాలన్న కోరికే పోతుంది. నిర్ణయం తీసుకోకముందే ఆ పని చేయడం మంచిదన్నది నా గట్టి అభిప్రాయం.

దించినందుకు బదులుగా ఏం కోల్పోతాం?

ట్రావెల్ కోల్పోతాం. చక్రం ఒక ఎగుడు మీదికి ఎక్కినప్పుడు బంప్ స్టాప్ అనే ఆఖరి అడ్డుకు తగలకముందు పైకి కదలగలిగిన దూరమే ట్రావెల్. కారు ఎత్తు గురించి వచ్చే ప్రశ్నలన్నిటికీ జవాబు చివరకు ఈ ఒక్క దూరంలోనే దొరుకుతుంది కనుక దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి.

ఫ్యాక్టరీ ఎత్తులో చక్రానికి పైకి 75 మి.మీ. ట్రావెల్ ఉందనుకోండి. కారును 25 మి.మీ. దించితే 50 మిగులుతుంది. రోడ్డు మీది గుంతలు, ఎత్తులు మాత్రం తగ్గవు, అవి మునుపటిలాగే ఉంటాయి. అదే దెబ్బను ఇప్పుడు మూడింట రెండు వంతుల దూరంలోనే స్ప్రింగు మింగాలి. స్ప్రింగు దాచుకోగలిగిన శక్తి అది నొక్కుకుపోయిన దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి, దూరం మూడింట రెండు వంతులైతే అదే పని చేయడానికి స్ప్రింగు గట్టిదనం రెండింతలు దాటి, కచ్చితంగా చెప్పాలంటే 2.25 రెట్లు కావాలి. బజారులో దొరికే లోయరింగ్ స్ప్రింగుల్లో ఎక్కువ భాగం ఫ్యాక్టరీ స్ప్రింగు కంటే పావు వంతో, ఇంకాస్త ఎక్కువో మాత్రమే గట్టిగా ఉంటాయి. ఎందుకంటే 2.25 రెట్ల గట్టి స్ప్రింగుతో ఆ కారును ఎవరూ రోజూ నడపలేరు. మిగిలిన లోటునంతా బంప్ స్టాప్ మోయవలసి వస్తుంది.

బంప్ స్టాప్ అంటే డ్యాంపర్ కడ్డీ మీద తొడిగిన చిన్న నురగ ముక్క. దాని పని ఆఖరి క్షణంలో లోహం లోహానికి తగలకుండా కాపాడటం. మలుపు మధ్యలో బయటి చక్రం దాని మీద కూర్చుందంటే, ఆ ఒక్క మూలలో సస్పెన్షన్ గట్టిదనం ఉన్నట్టుండి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అది ముందు చక్రమైతే కారు మలుపులోంచి బయటికి నెట్టుకుపోతుంది, వెనక చక్రమైతే వెనక భాగం చటుక్కున జారుతుంది. నిండా వంగిన మలుపులో, వానకు తడిసిన రోడ్డు మీద ఇలా జరిగితే డ్రైవరుకు సర్దుకునే వ్యవధి ఉండదు. అందంగా కిందికి దిగి, గట్టిగా అనిపించే కారు అసలు ఎత్తులోని కారు కంటే ప్రమాదకరంగా మారేది ఈ కారణం చేతనే.

లోటస్ స్థాపకుడు కాలిన్ చాప్‌మన్ కాలం నుంచి ఆ కంపెనీ రోడ్డు కార్లకు మంచి పేరు తెచ్చినది మెత్తని స్ప్రింగులు, తగినంత ట్రావెల్, శ్రద్ధగా కుదిర్చిన డ్యాంపర్లు. ఇంగ్లండులోని ఎగుడుదిగుడు పల్లె రోడ్ల మీద చక్రం నేలను వదలకుండా ఉండటమే వారికి ముఖ్యం. మన రోడ్లకు ఈ ఆలోచన ఇంకా బాగా వర్తిస్తుంది.

నా కారులో ఎంత ట్రావెల్ మిగిలి ఉందో ఎలా తెలుసుకోవాలి?

దీనికి ఖరీదైన పరికరాలు అక్కర్లేదు. కరెంటు వైర్లు కట్టే సన్నని ప్లాస్టిక్ టై ఒకటి తీసుకొని, డ్యాంపర్ దుమ్ము తొడుగు పైకి జరిపి, మెరిసే కడ్డీ చుట్టూ బిగించండి. తనంతట తాను జారకూడదు, వేలితో నెడితే కదలాలి, అంత బిగువు చాలు. దాన్ని కిందికి, డ్యాంపర్ గొట్టం అంచుకు ఆనించి పెట్టి, మీరు మామూలుగా వెళ్ళే దారిలో, మామూలు వేగంతో, పక్కన మనిషిని కూడా కూర్చోబెట్టుకొని నడిపి రండి. చక్రం పైకి కదిలినప్పుడల్లా గొట్టం అంచు ఆ టైని పైకి నెడుతుంది, చక్రం దిగినా టై ఆగిన చోటనే ఉంటుంది. తిరిగి వచ్చాక టైకీ, పైనున్న బంప్ స్టాప్ అడుగుకూ మధ్య ఎంత ఖాళీ ఉందో స్కేలుతో కొలవండి.

ఆ ఖాళీ 30 మి.మీ. ఉంటే 15 మి.మీ. దించుకోవడానికి మీ కారులో చోటు ఉన్నట్టే. టై అప్పటికే బంప్ స్టాప్‌ను తాకి ఉంటే, ఫ్యాక్టరీ ఎత్తులోనే మీ రోడ్డు మొత్తం ట్రావెల్‌ను వాడేస్తోందని అర్థం. దించడం గురించి ఆలోచించకముందు ఈ ఒక్క కొలత తీసుకోండి. తలకిందులుగా అమర్చిన స్ట్రట్ అయితే కడ్డీ బయటికి కనిపించదు కాబట్టి ఈ పద్ధతి పనికిరాదు, అలాంటప్పుడు మెకానిక్ స్ప్రింగు విప్పి కొలవాల్సిందే.

రోల్ సెంటర్ దెబ్బతింటుందని అంటారు. అది నిజమేనా?

ముందు మాక్‌ఫెర్సన్ స్ట్రట్ ఉన్న కార్ల విషయంలో నిజమే. ఫ్యాక్టరీ ఎత్తులో, చక్రాన్ని బాడీకి కలిపే కింది ఆర్మ్ దాదాపు సమతలంగా, లేదా చక్రం వైపు కాస్త కిందికి వాలి ఉంటుంది. కారును దించగానే బాడీ వైపు కొస దిగిపోయి, చక్రం వైపు కొస పైకి లేచినట్టవుతుంది. కారు ఏ బిందువు చుట్టూ పక్కకు ఒరుగుతుందో ఆ రోల్ సెంటర్, గరిమనాభి దిగిన దాని కంటే ఎక్కువగా దిగిపోతుంది. ఈ రెంటి మధ్య దూరమే కారును ఒరగదోసే మీట కనుక ఆ మీట పొడవు పెరుగుతుంది. కారు కిందికి దిగినా ఒరిగే గుణం పెరుగుతుందన్నమాట. గట్టి స్ప్రింగు ఆ దోషాన్ని కప్పిపుచ్చుతుంది, కనుక నడిపేవారికి తెలియదు.

స్టీరింగును చక్రానికి కలిపే టై రాడ్ అనే కడ్డీ కోణం కూడా ఇలాగే మారుతుంది. అప్పుడు గుంతలో పడినప్పుడల్లా చక్రం తనంతట తాను కొద్దిగా పక్కకు తిరుగుతుంది, స్టీరింగ్ చేతిలో గుంజుతుంది. పొడవైన బాల్ జాయింట్లు, టై రాడ్ కొసలు వేసి ఈ రెంటినీ సరిచేయవచ్చు. పదిహేను ఇరవై మి.మీ. లోపు దించినవారికి అవి అక్కర్లేదు, అంతకు మించి దించేవారు వాటి ఖర్చును మొదటి రోజే లెక్కలో కలుపుకోవాలి. ముందు డబుల్ విష్‌బోన్ ఉన్న మాజ్డా ఎంఎక్స్-5 వంటి కార్లు ఈ విషయంలో కొంత ఎక్కువ ఓర్చుకుంటాయి.

అయితే ఎంత దించడం సమంజసం?

తయారీదారులే తమ కార్లను ఎంత దించుతారో చూస్తే మంచి కొలమానం దొరుకుతుంది. పోర్షే 718 కార్లలో ఎలక్ట్రానిక్ డ్యాంపర్లు తీసుకుంటే ఎత్తు 10 మి.మీ. తగ్గుతుంది, అదే సంస్థ ఇచ్చే స్పోర్ట్ సస్పెన్షన్‌తో 20 మి.మీ. తగ్గుతుంది. ఆ కార్ల సస్పెన్షన్ గీసిన ఇంజినీర్లే, ఖర్చుకు వెనుకాడని కొనుగోలుదారుల కోసం, ఇరవైతో ఆగారు. రోడ్డు మీద తిరిగే కారుకు 15 నుంచి 20 మి.మీ. దాకా సమంజసమని, 30 దాటితే అది ట్రాక్ కారు చేసుకోవాలనుకునేవారి దారి అని నేను భావిస్తాను. బజారులో 40, 50 మి.మీ. దించే స్ప్రింగులు కూడా దొరుకుతాయి, కానీ ముందు చెప్పిన ట్రావెల్ లెక్కలో వాటికి చోటు దొరకదు.

ఒక సూచన. ఎత్తును నేల నుంచి ఫెండర్ అంచుకు కాకుండా, చక్రం మధ్య బిందువు నుంచి ఫెండర్ అంచుకు కొలవండి. అప్పుడు టైరు గాలి, అరుగుదల ఆ కొలతను మార్చలేవు. దించకముందు నాలుగు మూలలా కొలిచి, రాసి పెట్టుకోండి.

మన స్పీడ్ బ్రేకర్లు, సెల్లార్ ర్యాంపుల సంగతి ఏమిటి?

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లో నిర్దేశించిన కొలతల ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పుతో, మధ్యలో 10 సెం.మీ. ఎత్తుతో, 17 మీటర్ల వ్యాసార్థం గల వంపుగా ఉంటుంది. గంటకు 25 కి.మీ. వేగంతో హాయిగా దాటడానికి ఉద్దేశించిన ఆకారం అది. మన ఉదాహరణ కారు దాని మీద నిలిచినప్పుడు ముందు, వెనక చక్రాలు రెండూ వంపు మీదే ఉంటాయి కాబట్టి, కారు నడుము కింద వంపు పైకి లేచేది 49 మి.మీ. మాత్రమే. 130లోంచి అది పోతే 81 మిగులుతుంది. 30 మి.మీ. దించిన కారుకైనా 51 మిగులుతుంది. కొలతల ప్రకారం కట్టిన బ్రేకర్ దించిన కారును కూడా తాకదు.

ఇబ్బందంతా కాలనీలలో ఎవరికి తోచినట్టు వారు పోసిన సిమెంటు దిమ్మెలతోనూ, బోల్టులతో బిగించిన ఇరుకు రబ్బరు బ్రేకర్లతోనూ వస్తుంది. అవి వీల్‌బేస్ కంటే చాలా ఇరుకైనవి కనుక ముందు చక్రాలు దిగిపోయాక, వెనక చక్రాలు ఎక్కకముందు, వాటి పూర్తి ఎత్తు కారు నడుము కిందికి వస్తుంది. 75 మి.మీ. ఎత్తున్న రబ్బరు బ్రేకర్ దగ్గర ఫ్యాక్టరీ కారుకు 55 మి.మీ. ఖాళీ ఉంటే, 30 మి.మీ. దించిన కారుకు 25 మాత్రమే ఉంటుంది. ముందు చక్రాలు దబ్బుమని దిగినప్పుడు బాడీ ఊగే ఊపుకు ఆ 25 చాలదు. పది సెంటీమీటర్ల సిమెంటు దిమ్మె అయితే దించిన కారు నిలిచి ఉన్నా తగులుతుంది. మూలగా ఎక్కిస్తే ముందు బంపర్ గట్టెక్కవచ్చు, కానీ నడుముకు అది అన్నిసార్లూ సాయపడదు.

హైదరాబాదు, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో నివసించేవారు సెల్లార్ ర్యాంపును కొలవడం మరచిపోకూడదు. ర్యాంపు పైన సమతలంలో కలిసే అంచు దగ్గర కారు నడుము తగులుతుందా లేదా అన్నది వీల్‌బేస్, క్లియరెన్స్‌ల నిష్పత్తి తేలుస్తుంది. మన ఉదాహరణ కారు 130 మి.మీ. క్లియరెన్స్‌తో సుమారు 11.5 డిగ్రీల విరుపును దాటగలదు, 100 మి.మీ.కు దించితే 8.9 డిగ్రీలే దాటగలదు. ఆరు అడుగుల పొడవుకు ఒక అడుగు దిగే ర్యాంపు వాలు 9.5 డిగ్రీలు. కొత్తగా వచ్చిన రోజున రాసుకోకుండా వెళ్ళిన కారు, దించిన మరునాడు అదే ఇంటి ర్యాంపు మీద అడుగు గీసుకోవడానికి ఈ రెండు మూడు డిగ్రీల తేడా చాలు. టేపుతో ర్యాంపు పొడవు, ఎత్తు కొలిచి లెక్క వేసుకోవడం పది నిమిషాల పని.

కొన్ని ఖరీదైన కార్లలో ముందు భాగాన్ని మీట నొక్కి పైకెత్తే ఏర్పాటు ఉంటుంది. పోర్షే 911లో అది సుమారు 40 మి.మీ. ఎత్తుతుంది. ఆ ఏర్పాటు ముందు బంపర్‌కు బాగా పనికివస్తుంది, నడుముకు మాత్రం అందులో సగమే దక్కుతుంది.

వానాకాలంలో ఏమైనా ఇబ్బందా?

రెండు ఇబ్బందులు ఉన్నాయి. నీళ్ళు నిలిచిన రోడ్డు మీద గుంత లోతు కనిపించదు, ట్రావెల్ తగ్గిన కారుకు గుంత దెబ్బ నేరుగా రిమ్ముకూ, డ్యాంపర్‌కూ తగులుతుంది. రెండోది, ఇంజిన్ గాలి పీల్చే మార్గం కూడా కారుతోపాటే కిందికి దిగుతుంది. రైల్వే అండర్‌పాస్‌లో నిలిచిన నీటి ముందు దించిన స్పోర్ట్స్ కారును వెనక్కి తిప్పడమే సరైన పని.

స్ప్రింగులు మాత్రమే మార్చుకోవాలా, కాయిలోవర్లు (ఎత్తు మార్చుకోగల స్ప్రింగు, డ్యాంపర్ జతలు) వేయించాలా?

డ్యాంపర్ ఒక నిర్దిష్టమైన స్ప్రింగు గట్టిదనానికి, ఒక నిర్దిష్టమైన ఎత్తుకు కుదిర్చి ఉంటుంది. దాని మీద గట్టి స్ప్రింగు పెడితే, నొక్కుకున్న స్ప్రింగు తిరిగి విచ్చుకునే వేగాన్ని అది అదుపు చేయలేదు. గుంత దాటాక కారు ఒకసారికి బదులు రెండుసార్లు ఊగుతుంది. కొత్తగా ఉన్న మంచి డ్యాంపర్ మీద, 15 మి.మీ. దించే స్ప్రింగు అయితే ఈ లోపం పెద్దగా కనిపించదు. ఎనభై వేల కిలోమీటర్లు తిరిగిన డ్యాంపర్ల మీద కొత్త స్ప్రింగులు వేయించడం మాత్రం డబ్బు పారబోయడమే. స్ప్రింగు, డ్యాంపర్, బంప్ స్టాప్ మూడూ ఒకదానికొకటి కుదిర్చి అమ్మే కిట్ చాలామందికి సరైన ఎంపిక.

కాయిలోవర్ కొనేవారు ఎత్తు ఎలా మారుతుందో చూసుకోవాలి. చవక రకాల్లో స్ప్రింగు కింది పళ్ళెం దిగితేనే కారు దిగుతుంది, అంటే దించినకొద్దీ ట్రావెల్ తరుగుతుంది. మరికొన్నింటిలో డ్యాంపర్ గొట్టం అడుగున ఉన్న మర చుట్టుతో మొత్తం పొడవే మారుతుంది, అందువల్ల డ్యాంపర్ లోపలి ట్రావెల్ తగ్గదు. రెండో రకం మేలు. అయినా టైరు వెళ్ళి ఫెండర్ లోపలి తొడుగుకు తగలకుండా చూసుకోవాలి. అమెరికాలో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రాలలో ఉండేవారు ఆ మరలు తుప్పుతో పట్టేయకుండా ఏటా శుభ్రం చేసుకోవలసి ఉంటుంది.

ఉన్న స్ప్రింగునే కోయించుకుంటే తక్కువ ఖర్చుతో పోతుంది కదా?

దయచేసి ఆ పని చేయించకండి. గ్రైండర్‌తో ఒక చుట్టు కోసేస్తే స్ప్రింగు పొట్టిదవడంతోపాటు గట్టిదీ అవుతుంది. పనిచేసే చుట్లు ఆరు ఉంటే, ఒకటి పోయాక గట్టిదనం అయిదో వంతు పెరుగుతుంది. అది చిన్న విషయం. కోసిన కొస తన పళ్ళెంలో సరిగా కూర్చోదు. చక్రం గాలిలోకి లేచినప్పుడు పొట్టి స్ప్రింగు వదులై పక్కకు జరగవచ్చు, మళ్ళీ బరువు పడేసరికి వంకరగా ఇరుక్కుంటుంది. గ్యాస్ మంటతో కాల్చి చుట్లు కుంగదీసే పద్ధతి ఇంకా ఘోరమైనది, ఎందుకంటే కాలిన చోట ఉక్కుకు ఇచ్చిన పదును పోయి, స్ప్రింగు కుంగుతూనే ఉంటుంది లేదా విరుగుతుంది. కొత్త స్ప్రింగులకు డబ్బు చాలని పక్షంలో కారును ఉన్న ఎత్తులో ఉంచడమే మర్యాద.

దించాక టైర్లు లోపలి వైపు త్వరగా అరిగిపోతాయా?

అరిగిపోతాయి, కానీ అసలు దోషి చాలాసార్లు క్యాంబర్ (చక్రం పై అంచు లోపలికి వాలడం) కాదు, టో (పైనుంచి చూస్తే చక్రం నేరుగా కాక పక్కకు తిరిగి ఉండటం). క్యాంబర్ ఒక డిగ్రీ పెరిగినంత మాత్రాన టైరు నాశనం కాదు. టో మారితే మాత్రం టైరు దొర్లడంతోపాటు పక్కకు ఈడ్చుకుపోతుంది. ఒక చక్రం పావు డిగ్రీ తప్పుగా తిరిగి ఉందంటే ప్రతి కిలోమీటరుకూ నాలుగు మీటర్లకు పైగా అడ్డంగా రాసుకుంటున్నట్టు లెక్క. ఎత్తు మారితే టో మారుతుంది కాబట్టి, స్ప్రింగులు వేసిన రోజునే నాలుగు చక్రాల అలైన్‌మెంట్ చేయించి, కొన్ని వందల కిలోమీటర్లు తిరిగి స్ప్రింగులు సర్దుకున్నాక మళ్ళీ చేయించాలి. వెనక ఆర్మ్‌లలో సర్దుబాటుకు వీలు లేని కారైతే, సర్దుబాటు ఆర్మ్‌లు కూడా కొనవలసి వస్తుంది.

హెడ్‌లైట్ల మాట కూడా ఇక్కడే చెప్పాలి. ముందూ వెనకా సమానంగా దించితే లైటు కోణం మారదు, ముందు ఎక్కువ దించితే కాంతి దగ్గరలోనే నేలకు తగిలి, రాత్రి హైవే మీద దూరం కనిపించదు. ముందు అద్దం వెనక కెమెరాలు ఉన్న కార్లలో ఎత్తు మార్చే ముందు తయారీదారు మాన్యువల్‌లో ఏం రాశారో చదవండి, సుబారు తన ఐసైట్ (కెమెరాలతో పనిచేసే డ్రైవరు సహాయ ఏర్పాటు) కార్ల సస్పెన్షన్‌ను మార్చవద్దనే చెబుతుంది.

బిగించేటప్పుడు మెకానిక్‌కు ప్రత్యేకంగా ఏం చెప్పాలి?

ఆర్మ్‌ల బుష్‌ల బోల్టులను చక్రాలు నేల మీద ఆని, కారు బరువు వాటి మీద పడ్డాకే ఆఖరి బిగువు బిగించమని చెప్పండి. ఈ ఒక్క మాట మీద గట్టిగా నిలబడండి. రబ్బరు బుష్ లోపలి గొట్టం బోల్టుతో బాడీకి బిగుసుకుంటుంది, బయటి గొట్టం ఆర్మ్‌తో కదులుతుంది, మధ్యలోని రబ్బరు మెలితిరిగి ఆ కదలికను ఓర్చుకుంటుంది. కారును లిఫ్ట్ మీద ఎత్తి, చక్రాలు వేలాడుతుండగా బోల్టులు బిగిస్తే రబ్బరుకు అదే విశ్రాంతి స్థానమవుతుంది. కారు కిందికి దించగానే ప్రతి బుష్షూ మెలితిరిగిపోయి, నిలబెట్టిన కారులో కూడా అలాగే ఉండిపోతుంది. కొద్ది నెలల్లో చీరుతుంది, అంతదాకా కారు ఎత్తు కూడా అనుకున్న చోట నిలవదు. గుంత మీద పనిచేసే షెడ్డు లేదా నాలుగు చక్రాలూ ఆనే లిఫ్ట్ ఉన్న చోటికి వెళ్ళడం అందుకే మంచిది.

స్ప్రింగును నొక్కి విప్పే పనిని సరైన కంప్రెసర్ లేకుండా ఎవరికీ అప్పగించకండి. నొక్కి ఉన్న స్ప్రింగు ఎగిరితే ప్రాణాపాయం.

మన దేశ చట్టం దీన్ని ఒప్పుకుంటుందా?

1988 మోటారు వాహనాల చట్టంలోని 52వ సెక్షన్, రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వాటికి భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చరాదని అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో ఈ సెక్షన్‌ను కచ్చితంగా అమలు చేయాలన్న అర్థంలో తీర్పు ఇచ్చింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణలో, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ విధించవచ్చని చేర్చారు.

సర్టిఫికెట్‌లో స్ప్రింగు పొడవు రాసి ఉండదు కాబట్టి ఇది వర్తించదని షెడ్లలో చెబుతుంటారు. రోడ్డు మీద ఆపిన అధికారి ముందు ఆ వాదన మీకు ఎంతవరకు పనికివస్తుందో ఆలోచించండి. మీ ఆర్టీఏ కార్యాలయంలో ముందుగా అడిగి, వీలైతే జవాబు రాతపూర్వకంగా తీసుకోవడమే నేను సూచించే దారి. తయారీదారే ఆ మోడల్‌కు ఇచ్చిన స్పోర్ట్ సస్పెన్షన్‌తో కారు కొంటే ఈ చిక్కు ఉండదు.

ఇతర దేశాల్లో పద్ధతి వేరు. జపాన్‌లో వాహన తనిఖీకి వెళ్ళే కారు అడుగు నేలకు కనీసం 9 సెం.మీ. ఎత్తున ఉండాలి. జర్మనీలో ధృవపత్రం ఉన్న భాగాలే వేయాలి.

ఇన్సూరెన్స్, వారంటీ పోతాయా?

చేసిన మార్పును ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పకుండా దాస్తే, ప్రమాదం జరిగినప్పుడు క్లెయిమ్ తిరస్కరించడానికి మీరే సాకు అందించినట్టవుతుంది. ఉత్తరం లేదా ఈమెయిలు ద్వారా తెలియజేసి, పాలసీలో నమోదు చేయించుకోండి. అమెరికాలో ఉన్నవారికి 1975 నాటి మాగ్నుసన్-మాస్ వారంటీ చట్టం కొంత రక్షణ ఇస్తుంది. బయటి భాగం వేశారన్న ఒక్క కారణంతో మొత్తం వారంటీని రద్దు చేయడం కుదరదు, ఆ భాగం వల్లే నష్టం జరిగిందని తయారీదారు చూపాలి. అయితే దించిన కారులో డ్యాంపర్ కారినా, బుష్ చిరిగినా అది చూపడం వారికి కష్టం కాదు.

నాకు ట్రాక్ మీద ఆసక్తి లేదు, కారు అందంగా కనిపిస్తే చాలు. అది తప్పా?

తప్పేమీ లేదు. టైరుకూ ఫెండర్‌కూ మధ్య ఖాళీ తగ్గితే స్పోర్ట్స్ కారు చూడముచ్చటగా ఉంటుంది, తన కారును అందంగా చూసుకోవాలన్న కోరికకు ఎవరికీ సంజాయిషీ చెప్పనక్కర్లేదు. ఆ కోరికకు 15 మి.మీ. దించే కుదిర్చిన కిట్ ఒకటి, సరైన వెడల్పు, ఆఫ్‌సెట్ ఉన్న చక్రాలు చాలు. చక్రాన్ని ఫెండర్ అంచుకు కొద్దిగా దగ్గరగా తెస్తే ఎత్తు తగ్గించకుండానే ఖాళీ తగ్గినట్టు కనిపిస్తుంది.

ట్రాక్‌కు వెళ్ళాలంటే దించక తప్పదా?

తప్పనిసరి కాదు. చెన్నై దగ్గరి ఇరుంగట్టుకోట్టై ట్రాక్‌కో, కోయంబత్తూరులోని కారి స్పీడ్‌వేకో మొదటిసారి వెళ్ళేవారికి బ్రేకు ప్యాడ్లు, మంచి బ్రేకు ఆయిలు, టైర్లు, ముందు చక్రాలకు కొంత అదనపు క్యాంబర్ ఎక్కువ మేలు చేస్తాయి. ట్రాక్ కోసమే సస్పెన్షన్ మార్చాలన్నా, ఎత్తు కంటే ముందు డ్యాంపర్ల మీద ఖర్చు పెట్టడం న్యాయం. కారును హైదరాబాదు నుంచి అంత దూరం నడుపుకుంటూ వెళ్ళి, ట్రాక్ మీద తిప్పి, మళ్ళీ నడుపుకుంటూ రావాలి కదా.

ఇప్పటికే దించిన సెకండ్ హ్యాండ్ కారు కొనవచ్చా?

పాత స్ప్రింగులు, డ్యాంపర్లు అమ్మేవారి దగ్గర ఉంటే కొనవచ్చు, లేకపోతే వాటి ఖరీదు బేరంలో తగ్గించి అడగాలి. కారును లిఫ్ట్ మీదికి ఎక్కించి, జాకింగ్ పాయింట్లు, సైలెన్సర్ పైపు వంగిన చోటు, ఇంజిన్ సంపు గీసుకున్నాయేమో చూడండి. బంప్ స్టాప్‌లు ఉన్నాయో లేవో తప్పక చూడండి, కొందరు ట్రావెల్ పెంచుతున్నామని వాటిని కోసేస్తారు. టైర్ల లోపలి అంచు మీద చేతిని అటూ ఇటూ రాయండి, ఒక వైపు నునుపుగా, మరో వైపు గరుకుగా తగిలితే టో తప్పినట్టు. స్ప్రింగు కొసను టార్చి వేసి చూడండి, గ్రైండర్ గీతలు కనిపిస్తే ఆ కారు ధర ఎంత తక్కువైనా మరో కారు చూసుకోండి.